ఒక్క ఫ్లెక్సీకి ఎంతమంది

జూన్ 9, సోమవారం

యుగంధర్ గారు పొద్దున్నే విజయవాడ నుంచి దిగారు. మా కన్సల్టెన్సీకి ఓనరు ఆయనే, జీతాలిచ్చేదీ ఆయనే, నీతులు చెప్పేదీ ఆయనే. బందరు ఆఫీసులో ఏసీ పనిచేయడం లేదని కాసేపు విసుక్కుని, కుర్చీ ఫ్యాను కిందికి లాక్కుని అసలు సంగతి చెప్పారు. బందరు, గుడివాడ, రెండు బ్రాంచీలూ నడపడం ఆయన వల్ల కాదట. ఆగస్టు నుంచి ఒకటే ఉంటుంది. ఏది ఉండాలో ఆయన చెప్పరట, షీటు చెబుతుందట.

"ఫీలింగ్స్ వద్దండీ నీలోఫర్ గారూ. ఒక్కో స్టూడెంటుని బయటి దేశం పంపడానికి మనం పెట్టిందెంత, యూనివర్సిటీ మనకిచ్చిన కమిషన్ ఎంత. ఏ ఖర్చుకి ఎంతమంది వచ్చారు. అంతే. రిటర్న్ ఎక్కువున్న బ్రాంచి ఉంటుంది, రెండోది ఉండదు."

గుడివాడలో గిరీష్ కూడా ఇదే షీటు చేస్తున్నాడట. వాడు నాకంటే రెండేళ్ళు చిన్న, ఇంగ్లీషు నాకంటే బాగా మాట్లాడతాడు.

షీటులో పట్టని మాటలు ఎక్కడో అక్కడ రాసుకోవాలి కదా. ఇది ఒక ఇంగ్లండు యూనివర్సిటీ వాళ్ళు ఫెయిర్లో పంచిన డైరీ. పాత సంవత్సరానిది, వారాలు కలవవు. అచ్చు తేదీలు కొట్టేసి రాస్తున్నాను. అమ్మీకి ఏమీ చెప్పలేదు. అబ్బా పోయాక ఈ ఇంట్లోకి వచ్చే జీతం నాదొక్కటే. చెబితే దువా ఎక్కువ చేస్తుంది, అన్నం తక్కువ తింటుంది.

జూన్ 11, బుధవారం

మూడేళ్ళ ఖర్చులు ముందేసుకుని కూర్చున్నాను. పేపర్లో పెట్టి పంచిన కరపత్రాలు దండగ. కాలేజీల్లో సెమినార్లకి పిల్లలు సమోసాల కోసం వస్తారు. మోపిదేవిలో గుడికొచ్చే జనం కోసం స్టాలు పెట్టాం, మజ్జిగ ప్యాకెట్లన్నీ అయిపోయాయి, చేరింది ఒక్కడు. వాడికీ వీసా రాలేదు.

ఫ్లెక్సీల దారి వేరు. ఆ ఆలోచన నాదే. వీసా వచ్చిన రోజే ఆ ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టిస్తాం. పిల్ల ఫోటో, వెనకాల యూనివర్సిటీ బిల్డింగు, పైన శుభాకాంక్షలు, కింద మా ఫోన్ నంబరు. మన వైపు పుట్టినరోజుకీ ఫ్లెక్సీయే, పెళ్ళికీ ఫ్లెక్సీయే, చావుకీ ఫ్లెక్సీయే, వీసాకి ఎందుకు ఉండకూడదు అన్నాను. అప్పుడు యుగంధర్ గారు నవ్వారు. ఇప్పుడు ఆయనే అన్ని బ్రాంచీల్లో కట్టిస్తున్నారు.

అన్నిట్లోకీ కోడూరు ఫ్లెక్సీ గొప్పది. పోయిన ఆగస్టులో కట్టాం. ప్రణతి. రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగుచేసే దయానందం గారి ఒక్కగానొక్క కూతురు. ఎమ్మెస్సీకి లండన్ పక్కన యూనివర్సిటీకి వెళ్ళింది. ఆ ఫ్లెక్సీ చూసి దివిసీమలోంచి ఏడుగురు వచ్చి ఈ సెప్టెంబరు బ్యాచికి చేరారు. పన్నెండు వందల రూపాయల గుడ్డకి ఏడుగురు! ఆ గడికి పచ్చరంగు వేశాను.

షీటులో ప్రతి స్టూడెంటు వరసా నవంబరు ఐదుతో ఆగిపోతుంది. ఆ తేదీకి పిల్ల క్లాసులో ఉంటే యూనివర్సిటీ మాకు కమిషన్ ఇస్తుంది. ఆ తర్వాత పిల్ల ఏమైందో రాసే గడి లేదు. షీటు గీసింది నేనే. మర్చిపోయాను. మర్చిపోయాననే అనుకుంటున్నాను.

జూన్ 12

కరెంటు లేదు. అమ్మీ మోకాలికి మందు తేవాలి.

జూన్ 17, మంగళవారం

ఇవాళ్టిది వరసగా రాస్తాను.

గుడివాడ వెళ్ళాను, గిరీష్ లెక్కలు ఎలా ఉన్నాయో చూద్దామని. టీ ఇప్పించాడు గాని లెక్కలు చూపించలేదు. బస్సుకి టైముంది కదా అని అమ్మీకి ఒక వాయిల్ చీర చూద్దామని మెయిన్ రోడ్డులో బట్టల షాపులోకి వెళ్ళాను. బిల్లు దగ్గర మాస్కు పెట్టుకున్న పిల్ల, తల ఎత్తకుండానే ఫోన్ నంబరు అడిగింది. నేను సగం చెప్పేసరికి మిగతా సగం తనే కొట్టేసింది.

అప్పుడు చూశాను. ప్రణతి.

నా వెనక నిలబడ్డావిడ "కానీండమ్మా, పిల్లాడు ఏడుస్తన్నాడు" అంది. ప్రణతి బిల్లు చింపి చేతికిచ్చి, "ఏడింటికి వెనక సందులో సోడా బండి దగ్గరుండక్కా" అంది, చిల్లర గురించి చెబుతున్నట్టు.

ఏడింటిదాకా ఉన్నాను. చిక్కిపోయింది. మాస్కు తీసి సోడా ఒక్క గుక్కలో తాగేసింది.

"ఎప్పుడొచ్చావ్?"

"ఫిబ్రవరిలో. అక్కడ పని దొరకలేదక్కా. ఒక్క గదిలో ఎనిమిది మందిమి. రెండో విడత ఫీజు కట్టలేకపోయా. యూనివర్సిటీ వాళ్ళు పేరు కొట్టేశారు. వీసా పోయింది."

"ఇంటికి వెళ్ళలేదేం?"

"ఎట్టా వెళ్ళమంటావ్? సెంటర్లో బస్సు దిగితే ఎదురుగుండా నేనే ఉంటాను. నాన్న చెరువుల మీదకి వెళ్తా రోజూ ఆగి, దాని మీద దుమ్ము తుండుగుడ్డతో దులుపుతాడంట. అమ్మ ఫోన్లో చెప్పి నవ్వింది."

కోడూరు వాళ్ళు పనుంటే అవనిగడ్డ వెళ్తారు, బందరు వస్తారు, బెజవాడ వెళ్తారు. గుడివాడ ఎవరూ రారు. అది లెక్కేసుకునే ఇక్కడ లేడీస్ హాస్టల్లో చేరిందట. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు నాలుగున్నర గంటలు వెనక్కి లెక్కపెట్టుకుని మాట్లాడుతుందట. ఒకసారి వీడియో కాల్లో ఉండగా సందులోకి ఉల్లిపాయల ఆటో మైకుతో వచ్చిందట, సిగ్నల్ పోయిందని కట్ చేసిందట. ఇది చెబుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"ఎన్నాళ్ళిట్టా?"

"సెప్టెంబరుకి కోర్సు అయిపోద్దిగా. పాసయ్యి వచ్చేశానని చెప్తా. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యక్కా."

వేశాను. ఎంత తొందరగా వేశానో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

జూన్ 18

చెప్పకపోవడమే ఆ పిల్లకి మంచిది. వాళ్ళ ఇంటి గుట్టు బయటపెట్టడానికి నేనెవరిని. షీటుకీ దీనికీ సంబంధం లేదు.

అక్టోబరులో ఆ పిల్ల ఫోన్ చేసిన మాట నిజమే. అది వేరే సంగతి.

జూన్ 25, బుధవారం

యుగంధర్ గారికి వీడియో కావాలట. "ఏడుగుర్ని తెచ్చిన అమ్మాయండీ ఆ ప్రణతి. ఒక్క నిమిషం మాట్లాడించండి, ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వదులుదాం. ఫ్లెక్సీకే ఏడుగురొస్తే వీడియోకి ఎంతమంది వస్తారో ఆలోచించండి."

ఆ అమ్మాయి పరీక్షల్లో బిజీగా ఉందని చెబుదామనుకునే ఫోన్ చేశాను. ఎవరికి? ఆయనకి కాదు, ప్రణతికి. అడిగేశాను. ఊరికే అడగలేదు, మూడు వేలు నా చేతి నుంచి ఇస్తానన్నాను. హాస్టల్ బాకీ ఉందని నాకు తెలుసు. ఆ పిల్ల, "కోటు వేసుకోవాలా అక్కా?" అంది.

నిన్న దాని సెలవు రోజు. మధ్యాహ్నం హాస్టల్లో తీశాం. కిటికీకి దుప్పటి కట్టాం. ఫ్యాను చప్పుడు వస్తుందని ఆపేశాం. జూన్ ఎండలో ఉన్ని కోటు వేసుకుని, జుట్టు తడిసిపోతుంటే తుడుచుకుంటూ, "ఇక్కడ చలి కొంచెం ఎక్కువే గాని జీవితం చాలా బాగుందండీ" అని చెప్పింది. మూడుసార్లు తీశాం. మూడోది బాగా వచ్చింది. నేనే బాగుందన్నాను.

అయ్యాక కోటు విప్పి మడత పెట్టి పెట్టెలో దాచింది. జాకెట్టంతా చెమట. కింద షాపులో రెండు మజ్జిగలు తెచ్చాను.

జూలై 3, గురువారం

వీడియోకి పంతొమ్మిది మంది ఫోన్ చేశారు. కోడూరు, నాగాయలంక, గూడూరు నుంచి కూడా. నలుగురు ఆఫీసుకి వచ్చారు. గిరీష్ ఫోన్ చేసి "కంగ్రాట్స్ మేడం" అన్నాడు. గొంతులో ఏడుపు వినిపించి సంతోషించాను. ఇది రాసుకోవాల్సిన మాట కాదు.

అక్టోబరు సంగతి రాస్తాను. రాయకపోతే తినేస్తోంది నన్ను.

పోయిన అక్టోబరు ఇరవై ఏడున ప్రణతి ఏడుస్తూ ఫోన్ చేసింది. వచ్చేస్తానంది. నెలాఖరులోపు మానేస్తే ఫీజులో ముప్పాతిక వెనక్కి ఇస్తారు, ఆ సంగతి దానికి తెలియదు, నాకు తెలుసు. నవంబరు ఐదుకి ఇంకా తొమ్మిది రోజులుంది. "ఒక్క పదిహేను రోజులు ఓపిక పట్టమ్మా, అందరికీ మొదట్లో ఇట్లాగే ఉంటుంది, అలవాటవుతుంది" అన్నాను. అలవాటవుతుందనే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఫీజు వెనక్కి వచ్చే సంగతి మాత్రం చెప్పలేదు.

నవంబరు ఆరున నేనే ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగాను. పర్వాలేదక్కా అంది. ఆ రోజు నాకు నిద్ర బాగా పట్టింది.

జూలై 8, మంగళవారం

కోడూరులో పాత ఫ్లెక్సీ వెలిసిపోయిందని వీడియోలోంచి తీసిన ఫోటోతో కొత్తది పంపించాం. దయానందం గారే స్తంభం ఎక్కి కట్టుకున్నారట. కట్టాక ఫోన్ చేశారు.

"నీలోఫరమ్మా, బెమ్మాండంగా ఉందమ్మా. ఆ కోటులో మా పిల్ల దొరసానిలాగుంది. మీ అమ్మగారికి ఎండు రొయ్యలు బస్సులో ఏసి పంపుతున్నా, కాదనకండి."

"ఎందుకండీ శ్రమ."

"మీరు చేసిన దానికి ఇదెంతమ్మా. ఒక్కటి అడగనా? ఎప్పుడొచ్చిద్దమ్మా అది? అడిగితే చదువు చదువంటది. మీకు చెప్పే ఉంటదిగా."

సెప్టెంబరు అయ్యాక అన్నాను. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నట్టు "జూలై, ఆగస్టు" అంటూ ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం బస్టాండులో రొయ్యల పొట్లం తీసుకున్నాను. పైన నా పేరు స్కెచ్ పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో. అమ్మీ చాలా సంతోషపడింది. వంకాయతో వండింది. నేను కడుపు బాగాలేదన్నాను.

జూలై 18, శుక్రవారం

దయానందం గారు పోయారు.

పొద్దున్న తొమ్మిదింటికి, వానలో, ఎవరిదో చెరువు గట్టు మీద. రొయ్యలకి గాలి కొట్టే ఏరియేటర్ ఆగిపోయిందని పిలిచారట. మెయిన్ ఆపామన్నారట. ఆపలేదు. చేత్తో వైరు పట్టుకున్నారు.

పదకొండింటికి ప్రణతి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ స్వర్ణలత గారు ఫోన్ చేసి చెప్పారట. ఏడవడం లేదు. షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నట్టుంది, వెనక మోటారు సైకిళ్ళు వినిపిస్తున్నాయి.

"అక్కా, వెళ్ళిపోనా? రెండు బస్సులు మారితే చాలు."

"రెండు గంటల్లో దిగితే ఏమని చెబుతావ్?"

"పోనీ రేపు సాయంత్రం వెళ్తాను. విమానంలో వచ్చానంటాను. ఐస్ బాక్సులో పెట్టారుగా, ఒక్కరోజు ఆపమని నువ్వు చెప్పక్కా. నువ్వు చెబితే వింటారు."

అది కుదిరే పనే. ఆ నిమిషంలోనే నాకు తెలుసు అది కుదిరే పనేనని. బయటి దేశాల్లో పిల్లలున్న ఇళ్ళల్లో రెండు రోజులు, మూడు రోజులు ఆపుతున్నారు. ఒక పెట్టె కొనుక్కుని, గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర కారు ఎక్కితే ఎవరు అడుగుతారు? కాని అక్కడ ఆ ఏడుగురి తల్లిదండ్రులూ ఉంటారు. వీడియో చూసి వచ్చిన వాళ్ళుంటారు. తండ్రి శవం పక్కన కూర్చున్న పిల్లని ఎవరో పట్టుకుని ఎలా ఉన్నావమ్మా అక్కడ అని అడుగుతారు.

"నీ నోరు ఆగదు ప్రణతీ. చెప్పేస్తావు."

"చెప్పేయనీ అక్కా."

"మీ అమ్మని ఆలోచించు. ఇవాళ ఒక దెబ్బ తగిలింది. రేపు ఈ దెబ్బ కూడానా? ఆవిడ తట్టుకుంటుందా? నెలా రెండు నెలలు ఓపిక పట్టు."

"సరే అక్కా" అంది. అక్టోబరులోనూ ఇట్లాగే సరే అక్కా అంది.

ఒంటిగంటకి వాళ్ళ పాస్టరు గారు ఫోన్ చేశారు. స్పీకర్లో పెట్టారు, చుట్టూ ఏడుపులు. "అమ్మా, పిల్లని తెప్పించడానికి వీలవుద్దా? ఎన్నాళ్ళైనా ఆపుతాం" అన్నారు. మధ్యలో వస్తే వీసా రద్దయ్యే ప్రమాదం ఉందండీ, భవిష్యత్తు పాడవుతుంది అన్నాను. ఆఫీసు గొంతుతో చెప్పాను. నా వెనకే గోడ మీద షీటు అంటించి ఉంది.

స్వర్ణలత గారి మాట వినిపించింది. "వద్దులే. ఆయన కూడా వద్దనే అనేవాడు. చదువుకోనియ్యండి."

ఇది ఆ పిల్ల కోసమే చేశాను. ఆ పిల్ల కోసమే.

ఆ పై మాట కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

జూలై 19, శనివారం

యుగంధర్ గారు పూలదండ తీసుకుని వెళ్ళమన్నారు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు. దారంతా వాన.

ఇల్లు చిన్నది. రోడ్డు మీదే షామియానా. ఐస్ బాక్సు చుట్టూ ఆడవాళ్ళు. స్వర్ణలత గారు నన్ను చూసి లేచి వచ్చి పట్టుకున్నారు. "మా పిల్ల తరఫున వచ్చావా తల్లీ" అన్నారు. దండ వేసి పక్కకి నిలబడ్డాను.

ప్రార్థన మొదలయ్యే ముందు ప్రణతికి వీడియో కాల్ కలిపారు. పాస్టరు గారు ఫోన్ నా చేతికిచ్చారు. "నీకు అలవాటుంటదమ్మా, నువ్వు పట్టుకో." పట్టుకున్నాను. బాక్సు మూత తీశారు. ముఖం దగ్గరగా పెట్టమన్నారు, పెట్టాను. తెరలో ప్రణతి, తెల్లటి గోడ ముందు, ఆ ఉన్ని కోటులో. నోరు తెరిచి ఏడుస్తోంది, శబ్దం మాత్రం లేదు. మ్యూట్లో పెట్టుకుంది.

"సౌండు రాట్లేదే" అన్నారెవరో.

"నెట్‌వర్క్ అండీ" అన్నాను.

ఒక ముసలావిడ నా భుజం మీంచి చూసి, "పాపం అక్కడ చలనుకుంటా" అంది.

ఊరి చివర సమాధుల తోట దాకా కాల్ కట్ చెయ్యలేదు. గోతిలో అప్పటికే నీళ్ళూరాయి, చేంతాడు బక్కెట్లతో తోడారు. పెట్టె దింపాక ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేస్తున్నారు. స్వర్ణలత గారు వేశారు. మళ్ళీ వంగి ఇంకో పిడికెడు తీసి నా వైపు తిరిగారు.

"దీని వంతు నువ్వెయ్యి తల్లీ. అది చూస్తది."

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కి వెళ్ళరు. అబ్బాని తీసుకెళ్ళేటప్పుడు నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. అబ్బాకి నేను మట్టి వెయ్యలేదు. ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని, కుడిచేత్తో ఆ మట్టి తీసుకుని, ప్రణతి చూస్తుండగా ప్రణతి నాన్న మీద వేశాను. తడి మట్టి, వేళ్ళకి అంటుకుపోయింది. తెర మీద ఆ పిల్ల చెయ్యి ముందుకు చాపింది. కాల్ కట్టయింది.

బోరింగు దగ్గర చేతులు కడుక్కున్నాను. రెండుసార్లు కడుక్కున్నాను.

తిరుగు బస్సు అవనిగడ్డ బస్టాండులో పది నిమిషాలు ఆగింది. మాస్కు వేసుకున్న పిల్ల ఎక్కి నా పక్కన కూర్చుంది. చేతి మీద కోటు. పొద్దున్నే గుడివాడలో బయల్దేరి ఇక్కడిదాకా వచ్చేసిందట. కోడూరు బస్సు మూడుసార్లు ఎక్కబోయి దిగిపోయిందట. కాల్ ఆడవాళ్ళ వెయిటింగ్ రూములోంచి మాట్లాడిందట. బస్సుల పేర్లు చదివే మైకు వినిపించకూడదని మ్యూట్ చేసుకుందట.

మోపిదేవి దాటాక, "నాన్నకి ఏ చెయ్యక్కా కాలింది?" అంది.

"కుడిది. తెల్లగుడ్డ చుట్టారు."

"నువ్వు మట్టేసింది ఏ చెయ్యి?"

చూపించాను. రెండు చేతుల్తో పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో చూసింది.

"కడిగేసుకున్నావా?" అంది.

అవునన్నాను. చెయ్యి వదిలేసి కిటికీ వైపు తిరిగింది. బందరులో దిగి గుడివాడ బస్సు ఎక్కింది.

జూలై 20

అన్నం చెంచాతో ఎందుకు తింటున్నావని అమ్మీ అడిగింది.

జూలై 24

ప్రణతి ఫోన్ ఎత్తడం లేదు. షాపుకి ఫోన్ చేస్తే డ్యూటీలోనే ఉందన్నారు. ఉంది కదా, చాలు.

ఆగస్టు 1, శుక్రవారం

షీటు మాట్లాడింది. బందరు ఉంటుంది, గుడివాడ మూసేస్తారు. గిరీష్‌కి నెల నోటీసు. నాకు జీతం నాలుగు వేలు పెంచారు.

సమాధుల తోటలో నేను ఫోన్ పట్టుకుని మట్టి వేస్తుండగా ఎవరో వీడియో తీశారట. అది దివిసీమంతా తిరిగిందట. యుగంధర్ గారికీ చేరింది. "కుటుంబంలో మనిషిలాగా నిలబడ్డారండీ మీరు. దానికి ఎంక్వయిరీలు ఎన్నొచ్చాయో చూశారా? అవి ఏ ఖర్చు కింద రాస్తారు? ఖర్చే లేదు!" అన్నారు. మెచ్చుకోవడానికే అన్నారు. ఆ వరసలో ఖర్చు గడి ఖాళీగా వదిలేశాను.

అమ్మీకి జీతం సంగతి చెప్పాను. కృతజ్ఞతగా షుక్రానా నమాజు చదువుకుంది.

ఆగస్టు 5, మంగళవారం

స్వర్ణలత గారు ఆఫీసుకి వచ్చారు. పొద్దున్న మొదటి బస్సుకే బయల్దేరారట. అక్కడ వెయిటింగులో ఇద్దరు పిల్లలు తల్లిదండ్రులతో కూర్చుని ఉన్నారు. నేను లోపలి గదిలోకి తీసుకెళ్ళి నీళ్ళిచ్చాను. చెవులకి ఏమీ లేవు. మొన్న కమ్మలున్నాయి.

చేతి రుమాల్లో కట్టిన డబ్బు బల్ల మీద పెట్టారు.

"నలభయ్యో రోజు ప్రార్థన కూడిక పెట్టుకున్నాం తల్లీ. దానికైనా పిల్లని తెప్పిద్దామని. ఇరవై ఏడో తారీఖుకి ఉండేట్టు టిక్కెట్టు తియ్యి. అప్పటికి సెలవులుంటయ్యంటగా, మా వీధి కుర్రాడు చెప్పాడు."

ఒక్క నిమిషంలో నాకు మొత్తం కనిపించింది. డబ్బు తీసుకోవాలి. ప్రణతికి ఒక పెట్టె కొనివ్వాలి. ఇరవై ఆరున గన్నవరం దగ్గర కారెక్కించాలి. కోటు ఉండనే ఉంది. తల్లీ కూతుళ్ళు కలుసుకుంటారు, పిల్ల మీద మాట పడదు, ఆ ఏడుగురూ వెళ్తారు, బ్రాంచి ఉంటుంది. డబ్బు తర్వాత ఏదో వంకన వెనక్కి ఇచ్చేయొచ్చు. ఇంత చక్కగా కుదిరిందేమిటా అని అల్లాకి మొక్కబోయాను కూడా.

"తీస్తానండీ" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆ కుడిచెయ్యే. "నీ రుణం తీర్చుకోలేం. ఆ రోజు పాస్టరు గారు మూడు రోజులైనా ఆపుదామన్నారు. బాక్సు వాడితో కూడా మాట్లాడారు. నువ్వు దాని బతుకు పాడవుద్దని చెప్పబట్టి ఆగాం, లేకపోతే తెలివి తక్కువగా పిలిపించేసేవాళ్ళం. చివరిచూపు దక్కలేదుగాని, పోనీలే, దాని బతుకు నిలబడింది."

నేను చెయ్యి లాక్కున్నాను. చెప్పేశాను. వరసేమీ లేకుండా చెప్పాను. గుడివాడ, బట్టల షాపు, వీడియో, మూడు వేలు. అక్టోబరు ఫోను కూడా చెప్పాను, వెనక్కి వచ్చే ఫీజు సంగతి కూడా చెప్పాను. గొంతు పెద్దదైందేమో, బయట వెయిటింగులో మాటలు ఆగిపోయాయి. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆపలేదు. పద్దెనిమిదిన ప్రణతి వస్తానంటే నేను వద్దన్నానని చెప్పాను. పంతొమ్మిదిన మీరు నా చేతిలో మట్టి పెట్టేటప్పటికి అది అవనిగడ్డ బస్టాండులో ఉందండీ అన్నాను.

కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది. ఆవిడ నన్నే చూస్తూ, నేను చెప్పినవాటిలో ఒక్కటే పట్టుకున్నట్టు, నెమ్మదిగా అడిగారు.

"అవనిగడ్డలోనా?"

"అవునండీ."

"అవనిగడ్డ నుంచి ముప్పావు గంట. ముప్పావు గంట ఆపేవాళ్ళం గదమ్మా."